లైప్‌జిగ్‌లో ఇల్లు: డిపాజిట్ బదులు వాటాలు కొనమంటున్నారు

లైప్‌జిగ్ కొత్తవాడు: అందరికీ నమస్కారం. ఈమధ్యే వచ్చాను. హౌసింగ్ సొసైటీవాళ్లు ఫ్లాట్ ఇస్తామంటున్నారు కానీ, డిపాజిట్ బదులు సభ్యత్వ వాటాలు కొనాలట. మోసం కాదు కదా? వాళ్ల ఆఫీసు గోడ మీద షుల్ట్సే-డేలిచ్ అనే గడ్డం పెద్దాయన ఫోటో ఉంది. ఎవరాయన?

హాలే అక్క: కళ్లు మూసుకుని కట్టెయ్ తమ్ముడూ. ప్రైవేటు ఓనరుతో నేను పడ్డ పాట్లు పగవాళ్లకీ వద్దు. తాళాలు ఇచ్చినరోజు నవ్వుతూ షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. తర్వాత వంటగది గట్టు మీద గీత ఉందని ఒక ఉత్తరం, హీటింగ్ లెక్క తేలలేదని ఇంకొకటి. ఆ గీత నేను దిగినరోజే ఫోటో తీసి పెట్టుకున్నదే! అద్దెదారుల సంఘంలో చేరి, లాయరు చేత రాయిస్తే గానీ డిపాజిట్ డబ్బు కదల్లేదు, అదీ సగమే. సొసైటీలో ఎన్ని వాటాలున్నా ఓటు ఒక్కటే, ఓనర్లలో నువ్వూ ఒకడివి.

డ్రెస్డెన్ అన్న: వాడు ఫోటో గురించి కూడా అడిగాడమ్మా. మీ పక్కనున్న డేలిచ్‌లో 1808లో పుట్టాడు, లా చదివి అక్కడే జడ్జి అయ్యాడు. 1848లో ప్రష్యా నేషనల్ అసెంబ్లీకి గెలిస్తే, అక్కడ షుల్ట్సేలు మన వెంకటేశ్వరరావుల్లా బోలెడుమంది. అందుకే ఊరిపేరు తగిలించారు. రాజు సభకు అడ్డుపడితే, పన్నులు కట్టొద్దన్న తీర్మానంలో ఈయనా ఉన్నాడు. కేసు పెట్టారు, నిర్దోషిగా బయటపడ్డాడు. అయినా ఎక్కడో పోజెన్ వైపు బదిలీ చేశారు. 1851లో ఉద్యోగం వదిలేశాడు. అప్పటికే వడ్రంగులు, చెప్పులు కుట్టేవాళ్లు కలిసి ముడిసరుకు కొనుక్కునే సంఘం, 1850లో అప్పుల సంఘం పెట్టించాడు. ఇవాళ్టి ఫోక్స్‌బాంక్‌ల (ఇక్కడి సహకార బ్యాంకుల) మూలం అక్కడుంది. సర్కారు సొమ్ము ముట్టొద్దనేవాడు.

కొలోన్ బాబాయి: అక్కడే సోషలిస్టు నాయకుడు లాసాల్‌తో చెడింది, కూలీల సంఘాలకు సర్కారే డబ్బివ్వాలనేవాడు ఆయన. లాసాల్ అన్నదాంట్లో తప్పేముంది? పైసా లేని కూలీ వాటా ఎలా కడతాడు? పైగా సొసైటీ మునిగితే సభ్యుల ఆస్తి మొత్తం పోతుంది, జాగ్రత్త.

డ్రెస్డెన్ అన్న: పిల్లాణ్ణి భయపెట్టకండి బాబాయ్. అది 1867 నాటి ప్రష్యా సహకార చట్టం మాట. 1889లోనే పరిమిత బాధ్యత వచ్చింది, అంటే నష్టం ఒక హద్దు వరకే, ఆస్తి మొత్తం పోదు.

కొలోన్ బాబాయి: రైతుకు పనికొచ్చింది, పల్లెల్లో అప్పుల సంఘాలు పెట్టించిన రైఫైజెన్ పద్ధతే. మన మద్రాసు ప్రెసిడెన్సీకి బ్రిటిష్ అధికారి నికల్సన్ సిఫార్సు చేసిందీ అదే.

డ్రెస్డెన్ అన్న: పల్లెలకు. మన దేశపు 1904 సహకార చట్టంలో పట్నం సంఘాలకు షుల్ట్సే నమూనానే తీసుకున్నారు.

లైప్‌జిగ్ కొత్తవాడు: అక్కా, ఇల్లు వదిలేస్తే వాటా డబ్బు తిరిగిస్తారా?

హాలే అక్క: ఇస్తారు, వెంటనే కాదు. వాళ్ల లెక్కల సంవత్సరం ముగిశాక ఆరునెలల్లోపు. ఇల్లు ఖాళీ నోటీసు చాలదు, సభ్యత్వం రద్దు చేయమని వేరే కాగితం ఇవ్వాలి.