సింగిల్ మాల్ట్ విస్కీకి మార్కులు ఎట్లా వేస్తారన్నా? మాకు ఒక్కోసారి ఒక్కోలా వస్తున్నాయి

ఓరుగల్లు పోరడు (హన్మకొండ):
అన్నలూ, మేం నలుగురం చందాలు వేసుకొని నెలకో సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతో చేసే విస్కీ) బాటిల్ తెస్తున్నాం. ఊరికే తాగకుండా నోట్‌బుక్‌లో వందకు మార్కులు కూడా వేస్తున్నాం. వాసనకు 25, రుచికి 25, మింగాక నోట్లో ఎంతసేపు నిలుస్తుందన్నదానికి 25, మొత్తంగా కుదిరిందా లేదా అన్నదానికి 25, అంటే విస్కీలకు మార్కులు వేసి ‘విస్కీ బైబిల్’ పుస్తకం రాసే జిమ్ మర్రే లెక్కే. సంక్రాంతికి బెంగళూరు విస్కీ అమృత్ ఫ్యూజన్‌కు నేను 91 ఇచ్చాను, ఆ బాటిల్‌లోనే మిగిలింది మొన్న మే నెలలో తాగితే 78 దాటలేదు. మా బావయితే ఏది పోసినా 85 అంటాడు, ఎందుకో చెప్పడు. ఆ మర్రే గారు తన పుస్తకం 2010 ఎడిషన్‌లో ఇదే ఫ్యూజన్‌కు 97 ఇచ్చి ప్రపంచంలో మూడోదన్నాడు కదా. మా నాలుకల్లో తేడానా, పద్ధతిలో తేడానా?

కాజీపేట జంక్షన్:
తమ్మీ, ముందు నీ గది సంగతి చూడు. మాల్ట్‌ని రూమ్ టెంపరేచర్‌లో తాగాలని పుస్తకాల్లో రాసేది చల్లటి దేశాల వాళ్లు, వాళ్ల గది అంటే 18-20 డిగ్రీలు. మే నెలలో మన దగ్గర ఫ్యాన్ కింద కూర్చున్నా గది 36కు తగ్గదు, ఆ వేడికి గ్లాసులోంచి ఆల్కహాలే ముందు లేచి ముక్కును కొడుతుంది, ఫ్యూజన్‌లో ఆల్కహాల్ 50 శాతం కాబట్టి ఇంకా గట్టిగా కొడుతుంది. ఏసీ గదిలో బాటిల్‌ని గంటసేపు ఉంచి పోసుకో. ఐస్ మాత్రం వద్దు, చల్లబడితే వాసన ముడుచుకుంటుంది, మార్కులు వేయడానికి అసలు పనికిరాదు (ఉత్తగా తాగేటప్పుడు నీ ఇష్టం, నేనూ వేసుకుంటా).
రెండోది, సంక్రాంతికి సీల్ తీసి మే దాకా పెట్టారు. సగం ఖాళీ అయిన బాటిల్‌లో గాలి చేరి రుచి మెల్లగా చప్పబడుతుంది, దానికి తోడు ఈ ఎండ. చిన్న సీసాలోకి నిండా మార్చి చీకటి అల్మారాలో పెట్టాల్సింది. ఇంకోటి, మంచింగ్ ఏం పెట్టుకున్నారు? మిర్చి బజ్జీ, మటన్ ఫ్రై తిన్నాక ఇచ్చిన మార్కులు కొట్టేయండి. మంచినీళ్లు, ఉప్పులేని బిస్కెట్లు, అంతే. ఫ్రై తర్వాత.

బెంగళూరులో వరంగలోడు:
పై అన్న చెప్పింది కరెక్ట్, కానీ అసలు రోగం లేబుల్. బాటిల్ కళ్లముందు పెట్టుకొని, రేటు తెలిసి, 97 అన్న సంగతి కూడా తెలిసి మార్కులు వేస్తే ఏం లాభం? తాగనివాళ్లెవరైనా గ్లాసుల కింద నంబర్లు అంటించి పోయాలి. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే మూడు గ్లాసులు పెట్టండి, రెండింటిలో ఒకటే మాల్ట్, మూడోదాంట్లో వేరేది. ఆ వేరేదాన్ని పట్టుకోలేకపోతే వాటి మధ్య మూడు మార్కుల తేడా ఉందని రాయడం ఉత్తిదే. గుడ్డిగా చెప్పినా మూడుసార్లలో ఒకసారి తగులుతుంది కాబట్టి ఒక్కసారి పట్టుకోగానే సంబరపడొద్దు.
స్ట్రెంగ్త్ (ఆల్కహాల్ శాతం) కూడా చూసుకోండి. 40 శాతం ఉన్నదాన్నీ 50 ఉన్నదాన్నీ పక్కపక్కన పెడితే గట్టిదే గెలుస్తుంది. నీళ్లు చుక్కలు చుక్కలుగా కలిపి రెండింటినీ దగ్గరికి తెచ్చాక మళ్లీ వాసన చూడండి. నీళ్లు కలిపితే పాడవుతుందనే పెద్దమనుషుల మాట వినకండి. స్వీడన్‌లో లిన్నేయస్ యూనివర్సిటీ వాళ్లు 2017లో కంప్యూటర్‌లో లెక్కకట్టి చూపించారు, పొగవాసనిచ్చే గ్వాయకాల్ నీళ్లు కలిసినప్పుడు పైపొరకు చేరుతుందని.
వయసుకు, అంటే చెక్క పీపాలో ఎన్నేళ్లు ఉందన్నదానికి, మార్కులు వద్దు. స్కాట్లాండ్‌లో పీపాలోంచి ఏడాదికి 2 శాతం దాకా ఆవిరైతే మా బెంగళూరులో 10 దాటుతుంది, చెక్క గుణం కూడా తొందరగా ఎక్కుతుంది. అందుకే అమృత్, పాల్ జాన్ బాటిళ్ల మీద చాలావాటికి వయసే ఉండదు. అక్కడి 12 ఏళ్లదానితో పోల్చి ఇది పసిది అనడం అన్యాయం.

గోదావరిఖని నైట్ షిఫ్ట్:
ఇంత లెక్కలెందుకు భయ్? 87కూ 88కీ తేడా చెప్పే మనిషిని నేనైతే చూడలేదు. నాకు మూడే గ్రేడ్లు: మళ్లీ కొంటా, ఎవరైనా పోస్తే తాగుతా, పోసినా వద్దంటా. మీ బావ అన్నింటికీ 85 ఇవ్వడంలో తప్పేం లేదు, పాపం ఆయనకు రెండో గ్రేడే వచ్చింది.
ఒకటి మాత్రం చెప్తా, నోట్స్ రాసేటప్పుడు ఇంగ్లిష్ రివ్యూల్లోని హెదర్ పూలు, గూస్‌బెర్రీలు ఎక్కించొద్దు. మీ ముక్కుకు తెలిసిందే రాయండి. మామిడి తాండ్ర, బెల్లం పాకం, ఇప్పపువ్వు, కాల్చిన మక్క కంకి, ఏది తగిలితే అది. నేను మొదట లఫ్రాయిగ్ (పొగవాసన ఉండే స్కాచ్) తాగినప్పుడు దవాఖానాలో కట్టు కట్టే గది అని రాశా. పొగంటే మా బొగ్గు పొగ అనుకున్నా గానీ పీట్ (బార్లీని ఆరబెట్టడానికి కాల్చే బురదనేల మట్టి) పొగ వేరే, అందులో అయోడిన్ వాసన కూడా కలుస్తుంది.

ఓరుగల్లు పోరడు:
థాంక్స్ అన్నలూ, మస్తు విషయాలు తెలిసినయ్. వచ్చే ఆదివారం ఏసీ ఉన్నోళ్లింట్లో పెడుతున్నాం, మా వదిన తాగదు కాబట్టి పోసేది ఆమే. గ్లెన్‌ఫిడిక్ 12, ఇంద్రి త్రిణి, ఫ్యూజన్, ఆర్డ్‌బెగ్ 10 ఉన్నాయి. నంబర్లు చిందరవందరగా వేసి ఏది ముందొస్తే అది తాగొచ్చా?

బెంగళూరులో వరంగలోడు:
వద్దు తమ్మీ, ఆర్డ్‌బెగ్ బాగా పొగవాసన ఉండే స్కాచ్, అది ముందొచ్చిందంటే మిగతావన్నీ పొగలాగే అనిపిస్తాయి. దాన్ని ఆఖరుకు పెట్టమని వదినకు చెప్పు, దాని ముందు ఫ్యూజన్, అందులోనూ కొంచెం పీట్ ఉంది. గ్లెన్‌ఫిడిక్, ఇంద్రి రెండింటి వరుస మాత్రమే చిందరవందర చేయొచ్చు. మనిషికి 15 ఎంఎల్ చొప్పున చాలు, బండ్లు మాత్రం ఇంట్లోనే పెట్టి రండి.