బిళ్ళ వేస్తే పలికే యంత్రాలంటే మనకెందుకింత మురిపెం?

గాంధీరోడ్డు నివాసి (ప్రశ్న):
తిరుపతిలో మా కార్యాలయం ఉన్న భవనం కింది అంతస్తులో ఈ మధ్య చిరుతిళ్ళ యంత్రం ఒకటి పెట్టారు. డబ్బు చెల్లించగానే అద్దం వెనుక చుట్టలు చుట్టుకున్న ఇనుప తీగ మెల్లగా తిరిగి, పొట్లాన్ని ముందుకు తోసి కింద పడవేస్తుంది. రోడ్డు దాటితే అదే పొట్లం అంగట్లో దొరుకుతుంది, పైగా చిల్లర లేకపోతే రేపిమ్మనే మంచితనం ఆ అంగడాయనకు ఉంది. అయినా మేము నలుగురం ఆ తీగ తిరగడం చూడటానికే కిందికి దిగుతున్నాము. పోయిన వారం నా పొట్లం తీగ చివర వేలాడుతూ ఆగిపోతే, ముఖపరిచయం కూడా లేని ఇద్దరు వచ్చి అద్దాన్ని ఎక్కడ తట్టాలో చెప్పారు. చిన్నప్పుడు రైల్వేస్టేషనులో బరువు చూసే మిషను చుట్టూ కూడా ఇలాగే జనం మూగేవారు. కొనే వస్తువు కంటే యంత్రమే ముద్దు కావడానికి కారణమేమై ఉంటుంది?

పాకాల జంక్షను:
నాకు తెలిసిన కారణం మా అవ్వ. మా తమ్ముడికి తిరుమలలో బెల్లంతో తులాభారం మొక్కుకున్న ఆమె, కొండెక్కే ముందే ఎంత బెల్లానికి డబ్బు కట్టవలసి వస్తుందో తెలుసుకోవాలని, వాడిని చంకనెత్తుకుని తిరుపతి స్టేషనులోని మిషను ఎక్కింది. రంగురంగుల దీపాలు వెలిగి, చక్రం గిర్రున తిరిగి, చిన్న అట్ట టికెట్టు బయటపడింది. తరువాత వాడిని దించి, ఇంకో రూపాయి బిళ్ళ వేసి ఒంటరిగా నిలబడి, రెండో టికెట్టులోని అంకెను మొదటిదానిలోంచి తీసివేయమని నన్ను అడిగింది. బడికి పోని మనిషి వేసిన ఆ లెక్క చూసి చుట్టూ ఉన్నవారు నివ్వెరపోయారు. తిరుమలలో తక్కెడ మీద తేలిన బరువు వేరని తెలిసినప్పుడు, స్వామి ఎక్కువ తీసుకోడులే అని ఆమె మిషనునే తప్పుపట్టింది.

గడియారాల మరమ్మతుదారు:
ఇది పాత మురిపెమే. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన హీరో అనే పండితుడు, నాణెం వేస్తే ఆలయంలో పవిత్రజలం పోసే యంత్రాన్ని వర్ణించాడు. నాణెం బరువుకు కాడ ఒక కొన వంగి, రెండో కొన మూతను పైకెత్తుతుంది. వంగిన పళ్ళెంలోంచి నాణెం జారిపోగానే మూత పడి నీరు ఆగుతుంది. (మన గుళ్ళలో ఆ ఉద్యోగం ఇప్పటికీ ఉద్ధరిణిదే.) బిళ్ళ మీది అంకెను పాత యంత్రాలు చదవలేవు, దాని వెడల్పును, బరువును మాత్రమే పోల్చుకుంటాయి. 1992 నుంచి వచ్చిన రూపాయి 25 మిల్లీమీటర్ల వెడల్పు, 4.85 గ్రాముల బరువు ఉండేది. 2011లో రూపాయిని దాదాపు 22 మిల్లీమీటర్లకు కుదించి, ఆ పాత కొలతలను రెండు రూపాయల బిళ్ళకు ఇచ్చారు. అందువల్ల పాత రూపాయికి అమర్చిన యంత్రం కొత్త రూపాయిని కాదని, రెండు రూపాయలను రూపాయిగా మింగడంలో ఆశ్చర్యం లేదు. ఏ బిళ్ళ ఒప్పుకుంటుందో, ఎన్నోసారికి ఒప్పుకుంటుందో తెలియని ఆ సందేహమే మనిషిని అక్కడ నిలబెడుతుందని నా అభిప్రాయం.

చిత్తూరు పంతులమ్మ:
మురిపెం మీకు ఉండవచ్చు, నాకు బెదురు. స్టేషనులో టికెట్టు ఇచ్చే తెరమిషను ముందు నేను ఊరి పేరు వెతికేలోగా వెనుక వరుసలోని వారు నిట్టూర్పులు మొదలుపెడతారు. అందుకే పక్కన నిలబడి కార్డుతో టికెట్టు తీసి ఇచ్చే విశ్రాంత రైల్వే ఉద్యోగి దగ్గరికే వెళతాను. మనిషి అవసరం లేకుండా చేసిన యంత్రానికి మళ్ళీ మనిషినే తోడు పెట్టుకోవడం మాత్రం నాకు ముచ్చటగా ఉంటుంది. మీ చిరుతిళ్ళ యంత్రం దగ్గర ఆ ఇద్దరు అపరిచితులు చేసింది కూడా, జీతం లేకుండా, ఆ ఉద్యోగమే కదా.

గాంధీరోడ్డు నివాసి:
పంతులమ్మగారు చెప్పింది నాకు తట్టనే లేదు. నేను ఆ తరువాత మరొకరికి అద్దం తట్టే చోటు చూపించాను కూడా. పాకాల వారూ, ఆ టికెట్టు వెనుక జాతకం ఉండేది కదా, అవ్వకు ఏమి వచ్చింది?

పాకాల జంక్షను:
ఇంగ్లీషులో ఉంటే పక్కనున్న కాలేజీ కుర్రాడు చదివి పెట్టాడు. త్వరలో దూరప్రయాణం ఉందట. పాకాల బండి ఎన్నింటికో కూడా అందులో రాసి ఉందేమో చూడు నాయనా అని అవ్వ అడిగింది.