వాలు భ్రమ నమూనాలో 75 డిగ్రీల దగ్గర ఆకర్షణ ఎందుకు రావడం లేదు?

వాలిన గీతలను కాసేపు చూశాక నిలువు గీత ఒరిగినట్టు కనిపించడమే వాలు భ్రమ. దానికోసం మెదడులో చూపును చూసుకునే దృశ్య వల్కలంలోని మొదటి ప్రాంతమైన వి1లో న్యూరాన్లు ఒకే వాలు గల గీతలకు (వీటినే అలవాటు గీత అంటున్నాను) అలవాటుపడే తీరును పైథాన్‌లో నమూనాగా రాస్తున్నాను. 5 డిగ్రీల ఎడంతో 36 న్యూరాన్లు, ఒక్కోదానికి 20 డిగ్రీల ప్రామాణిక విచలనం గల గాసియన్ (గంట ఆకారపు) స్పందన రేఖ పెట్టాను; ఒక్కో న్యూరాన్ ఎక్కువగా స్పందించే వాలే దాని ఇష్టకోణం. అలవాటు గీతకు ఎంత ఎక్కువ స్పందిస్తే ఆ న్యూరాన్ గెయిన్ (స్పందన బలం) అంత తగ్గుతుంది, గరిష్ఠంగా 40 శాతం. కనిపించే వాలును పాపులేషన్ వెక్టర్‌తో, అంటే అన్ని న్యూరాన్ల ఇష్టకోణాలను వాటి స్పందనల బరువుతో కలిపి, లెక్కకడుతున్నాను.

అలవాటు గీత నిలువుకు 15 డిగ్రీలు వాలి ఉంటే, నిలువు గీత సుమారు 2.8 డిగ్రీలు అవతలికి జరుగుతోంది. ఇది సరైనదే, ఆ గీతలను నిమిషం పాటు చూసి తలెత్తితే నాకూ ఎదుటి ద్వారబంధం అవతలికి ఒరిగినట్టే కనిపించింది. చిక్కల్లా 75 డిగ్రీల దగ్గరే. 1937లో మనస్తత్వవేత్తలు గిబ్సన్, రాడ్నర్ గమనించినట్టు అక్కడ నిలువు గీత అలవాటు గీత వైపుకే కొద్దిగా ఒరగాలి, కానీ నాకు పావు డిగ్రీ వికర్షణే వస్తోంది. స్పందన రేఖ వెడల్పును 15 నుంచి 30 డిగ్రీల వరకు మార్చినా, గెయిన్ తగ్గుదలను 60 శాతానికి పెంచినా, న్యూరాన్లను 72 చేసినా దిశ మారలేదు.

15 డిగ్రీల దగ్గరి వికర్షణ చెడకుండా 75 దగ్గర ఆకర్షణ రావాలంటే, న్యూరాన్ల ఇష్టకోణాలను జరపాలా, లేక వాటి మధ్య పార్శ్వ నిరోధాన్ని (ఒకదాన్నొకటి అణచడాన్ని) కూడా నమూనాలో చేర్చి, అలవాటుతో అది తగ్గేలా చేయాలా?