ఇటాలియన్‌లో పలకరింపుగా అనే "చావ్"కి అసలు అర్థం ఏంటి? తెలిసినవాళ్ళు చెప్పగలరా

ఆరు నెలలుగా ఇటాలియన్ నేర్చుకుంటున్నాను. మొన్న సాయంత్రం ఆన్‌లైన్ క్లాసు అయిపోయాక "చావ్, చావ్" అని ఫోన్ పెట్టేశాను. పక్కనే బియ్యం ఏరుతున్న అమ్మమ్మ చేట కింద పెట్టి, "దీపాలవేళ ఆ చావు మాటలేంటే!" అని కసిరింది.

నవ్వొచ్చింది గానీ, మాట ఎక్కడిదా అని వెతికాను. వెనిస్ యాసలో "స్‌చావో వోస్త్రో", అంటే "మీ బానిసని" అనడం నుంచి వచ్చిందట. దాని వెనక మధ్యయుగపు లాటిన్ "స్క్లావుస్", దానికీ వెనక స్లావ్ జాతి పేరు. మన "దాసోహం" లాంటిదే కదా!

పాత లాటిన్‌లో బానిసని "సెర్వుస్" అనేవారు. ఆస్ట్రియాలో, జర్మనీలోని బవేరియాలో ఇప్పటికీ "సెర్వుస్" అనే పలకరించుకుంటారు. ఈ రెండు పలకరింపులూ ఒకదాన్ని చూసి ఒకటి పుట్టాయా, వేర్వేరుగానా? అంత వినయంగా మొదలైన మాట ఇంత చనువుగా ఎలా మారింది?

కొత్తవాళ్ళతో, పెద్దవాళ్ళతో చావ్ వద్దు, "సాల్వే" అనమంటారు మా టీచర్. ఇటలీలో ఉంటున్నవాళ్ళెవరైనా చెప్పండి, షాపులో పెద్దాయనకి చావ్ అంటే నిజంగానే ముఖం మాడ్చుకుంటారా?