దీన్ని అల్లం మురబ్బా అనొచ్చా?

అందరికీ నమస్కారం, మాది విజయనగరం. మొన్న మా అప్ప వాళ్ళింటికి ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ వెళ్ళినప్పుడు మా బావ యాండినా అనే ఊళ్ళో అల్లం ఫ్యాక్టరీకి తీసుకెళ్ళేడు. అల్లం చూడ్డానికి కారేసుకుని వంద కిలోమీటర్లు వెళ్ళడమేటని నవ్వుకున్నాను గానీ వెళ్ళేక నోరు మూసుకున్నాను. 1941లో యుద్ధం వల్ల చైనా అల్లం రావడం ఆగిపోతే దగ్గర్లో ఉన్న బుడెరిమ్ రైతులు కొంతమంది కలిసి సొసైటీ పెట్టుకున్నారట, యాండినాకి తర్వాత మారింది.

మనకి కూరలోకి ముదురల్లం కావాలి కదా, అక్కడ చేసే అల్లం మిఠాయికి మాత్రం లేతది, పీచు పట్టకముందే తవ్వేస్తారు. ముందు ఉప్పునీళ్ళలో ఊరేస్తారు, ఆ ఉప్పు పోయేదాకా కడిగి పంచదార పాకంలో వేస్తారు, ఆ పాకం కూడా ఒక్కసారే ముదురుది పోస్తే ముక్కలో నీరంతా లాగేసి వంకాయ ఒరుగులాగ ముడుచుకుపోద్దని మెల్లిగా చిక్కబరుచుకుంటూ వెళ్తారు. ఆఖర్న ఆరబెట్టి పంచదారలో దొర్లించడమే. నోట్లో వేసుకుంటే తీపి, నమిలితే మెత్తగా ఉంది, మింగేక తెలిసింది మంట.

అదిగో అప్పుడు మా మేనల్లుడు "మావయ్యా దీన్ని తెలుగులో ఏమంటారు" అనడిగేడు. అల్లం మురబ్బా అని ఠక్కున చెప్పేసేను. రాత్రి పడుకున్నాక డౌటొచ్చింది. మన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కదిలే టైముకి ఎక్కి "అల్లం మురబ్బా, వాంతులికి వికారానికి" అని అమ్ముతారే, అది అల్లం రుబ్బి పాకంలో ఉడికించి పళ్ళెంలో పోసి బిళ్ళలు కోసింది కదా. ఇదీ అదీ ఒకటెలాగవుద్ది? సరైన మాట చెప్పండి, వాడికి ఫోన్లో చెప్పాలి.

బొబ్బిలి నుంచి:
"అల్లం అంటే తెలీదా, బెల్లంలాగ పుల్లగా ఉంటాది" అన్నాట్ట వెనకటికొకడు, అలాగుంది తమ్ముడూ నీ జవాబు. ఆ సామెతలో నాకు నచ్చేదేటంటే అల్లం పులుపు కాదు సరే, బెల్లం కూడా పులుపు కాదు, ఒక్క దెబ్బకి రెండూ తెలీవని ఒప్పేసుకున్నాడు పాపం.

రాజాం నుంచి, రిటైరైన తెలుగు మేష్టారు:
నువ్వు చెప్పింది తప్పేం కాదు బాబూ. మురబ్బా అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మనకొచ్చింది. కాయని కాయలాగే, ముక్కని ముక్కలాగే పాకంలో నిలవచేస్తే మురబ్బా. ఉత్తరాది ఉసిరి మురబ్బా చూడు, కాయ కాయలాగే ఉంటుంది. ఆ లెక్కన మీ యాండినాదే అసలు మురబ్బా, బస్సులో మనం కొనుక్కునేది అల్లం పాకం బిళ్ళ. పేరు అట్టిపెట్టుకుని సరుకు మార్చేసేం.

ఇచ్ఛాపురం నుంచి:
మా దగ్గర ఒరియావాళ్ళు అదా అంటారు, హిందీలో అద్రక్, రెండూ సంస్కృతం ఆర్ద్రకం నుంచే, అంటే తడిగా ఉన్నది. పాలీలో అల్ల అంటే తడి, మరాఠీలో ఆలె అంటే అల్లమే. మన అల్లం కూడా ఆ ప్రాకృతం దారినే వచ్చిందంటారు. అంటే అల్లం అన్నప్పుడల్లా తడిది అంటున్నాం అన్నమాట. ఎండితే శుంఠి, మన శొంఠి. ఎండు అల్లం అని ఊరుకోకుండా దానికో పేరు పెట్టేరు చూడండి, ఊరికే పెట్టలేదు, ఎండబెడితే అందులో మంటపుట్టించే జింజరాల్ అనే పదార్థం కొంత షోగాల్ అనే ఇంకోదానిగా మారి ఘాటెక్కుతుంది. షోగా అంటే జపాన్‌వాళ్ళ భాషలో అల్లం, శాస్త్రం పేరు అక్కడినుంచే. మా అమ్మ జలుబుకి శొంఠికొమ్ము అరగదీసేది గానీ పచ్చల్లం ముట్టేది కాదు.

మళ్ళీ నేనే:
మేష్టారూ, థాంక్సండీ. నిన్న ఆ పేకెట్టు మా అమ్మ చేతిలో పెట్టి ఈ చర్చంతా చదివి వినిపించేను, పాలీ దాకా. ఓ ముక్క నోట్లో వేసుకుని సాగదీసి నమిలి, "ముందు ఉప్పులో ఏసేరన్నావు కదరా" అంది. అవునన్నాను. "ఆ తర్వాత పాకంలో నానేసేరన్నావు." అవునన్నాను. "అయితే మురబ్బా ఏటి, శొంఠి ఏటి, పచ్చిదీ కాదు ఎండిందీ కాదు, ఊరిన అల్లం. ఊరగాయలో ఊర అదే కదా, ఇంతమంది కూర్చుని ఇది తెలీలేదా" అని ఇంకో ముక్క తీసుకుంది. మేనల్లుడికి ఊరల్లం అని చెప్పేను, వాడు ఏ ఊరు అల్లం అని అడుగుతున్నాడు.