అప్‌డేట్: క్లింగాన్ల నుదుటి గొడవ

సైన్స్ ఫిక్షన్ సిరీస్ స్టార్ ట్రెక్‌లో క్లింగాన్లనే గ్రహాంతర జాతి వాళ్లకు 1960లలో నున్నటి నుదురు, 1979 సినిమా నుంచి ఎముకల గట్లు ఎందుకని అడిగాను కదా. ఎక్కువమంది మేకప్ బడ్జెట్ అన్నారు. నిజమే, కానీ నాకు కావలసింది కథలోపలి కారణం.

ఒకరు చెబితే, పాత సిరీస్‌కు ముందు కాలపు కథ చెప్పే స్టార్ ట్రెక్ ‘ఎంటర్‌ప్రైజ్’ సిరీస్‌లో 2005 నాటి రెండు ఎపిసోడ్లు చూశాను. మనుషుల జన్యువులతో క్లింగాన్లు చేసిన ప్రయోగం వికటించి వైరస్ పుడుతుంది. మందుతో ప్రాణాలు నిలుస్తాయి, నుదుటి గట్లు మాత్రం పోతాయి. బాగానే అతికించారు.

మరి కోర్, కాంగ్, కోలోత్? పాత సిరీస్‌లో నున్నటి నుదురుతో కనిపించిన ఆ ముగ్గురే 1994లో ‘డీప్ స్పేస్ నైన్’ అనే మరో స్టార్ ట్రెక్ సిరీస్‌లోకి గట్లతో వచ్చారు. నటులూ వాళ్లే! సర్జరీ చేయించుకుని ఉంటారని కొందరి ఊహ. ముసలితనంలో, ముగ్గురూనా? నేనైతే నమ్మను. 2017 ‘డిస్కవరీ’లో క్లింగాన్లకు జుట్టు ఏమైందో ఇంకా అడగనేలేదు.