టీవీలో బాగానే వస్తున్న పెళ్లి క్యాసెట్ ల్యాప్‌టాప్‌లో రంగు లేకుండా దొర్లిపోతోంది, సాయం చేయండి

రాజోలు వాసి:
నమస్కారమండీ. నిన్న దీపాలు పెట్టే వేళకు మొదలుపెట్టి రాత్రి రెండింటి దాకా కూర్చున్నా పని ఒక్క అంగుళం ముందుకు సాగలేదు. మా అక్క పెళ్లి క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. అందుకని చిన్న యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం కొన్నాను. వీసీఆర్‌ను నేరుగా టీవీకి కలిపితే బొమ్మ, రంగు, సన్నాయి మేళం అన్నీ చక్కగా ఉన్నాయి. పరికరం ద్వారా ల్యాప్‌టాప్‌కు కలిపితే మాత్రం రంగు పోయి, బొమ్మ ఆగకుండా దొర్లుతోంది, శబ్దం అసలే లేదు. తీగలు పదిసార్లు మార్చి చూశాను. వచ్చే నెల బావగారి షష్టిపూర్తికి తెర మీద వేద్దామనుకున్నాం.

పాలకొల్లు మాస్టారు:
రంగు సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ క్యాసెట్‌ను ఇన్నేళ్లూ ఎక్కడ ఉంచారో చెప్పండి. డబ్బా మూత తీసిన గంటకే అప్పడాలు మెత్తబడిపోయే గాలి మనది. ఈ గాలికి రీలు చుట్ట అంచుల మీద సున్నం చల్లినట్టుగా తెల్లటి బూజు పడుతుంది. అటువంటి దాన్ని వీసీఆర్‌లో వేస్తే బూజు రీలును చదివే హెడ్డుకు అంటుకుని, తరువాత వేసే క్యాసెట్లన్నిటికీ పాకుతుంది. బీరువాలో కలరా ఉండలు వేశాం కదా అని ధైర్యంగా ఉండేవారిని చాలామందిని చూశాను. అవి పురుగులకు పనికివస్తాయి గాని బూజును ఆపవు.

కాకినాడ 625:
బూజు ఉంటే టీవీలోనూ బొమ్మ చెడేది. పరికరం అమెరికా వీడియో పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో ఉంది. మన దేశపు పద్ధతి పాల్‌కు మార్చండి.

రాజోలు వాసి:
మార్చే చోటు ఎక్కడ ఉందో తెలిస్తే రాత్రి రెండు దాకా ఎందుకు కూర్చుంటానండీ?

కాకినాడ 625:
ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారో మీరు చెప్పలేదు.

రాజోలు వాసి:
ఓబీఎస్. అందరూ వాడేది అదే కదా అని చెప్పలేదు.

తణుకు టెక్నీషియన్:
ఓబీఎస్‌లో మీ పరికరం ప్రాపర్టీస్ తెరిస్తే ‘కాన్ఫిగర్ వీడియో’ అనే మీట ఉంటుంది. అందులో వీడియో డీకోడర్ అనే పేజీలో స్టాండర్డ్ దగ్గర పాల్ బీ ఎంచుకోండి. మన దేశపు వీడియో 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. ఎన్‌టీఎస్‌సీ 525 గీతలు, దాదాపు 30 ఫ్రేములు. పరికరం ఒక లెక్కలో ఎదురుచూస్తుండగా క్యాసెట్ మరో లెక్కలో బొమ్మ పంపుతోంది కాబట్టే రంగు పోయి దొర్లుతోంది. సైజు 720 ఇంటూ 576 పెట్టి, చివరికి 4:3 నిష్పత్తిలోనే ఉంచండి. వెడల్పు తెర నింపాలని సాగదీస్తే పెళ్లికూతురు పొట్టిగా, లావుగా కనిపిస్తుంది. శబ్దం రాకపోవడానికి విండోస్‌లో మైక్రోఫోన్ అనుమతి మూసి ఉండడం కారణం కావచ్చు. ఈ పరికరం శబ్దాన్ని విండోస్ మైకుగానే లెక్కవేస్తుంది.

రాజోలు వాసి:
రంగు వచ్చిందండీ! బొమ్మ నిలబడింది. శబ్దం కూడా వచ్చింది గాని ఎడమ చెవిలోనే వినిపిస్తోంది. వీసీఆర్ వెనక పసుపు, తెలుపు పిన్నులు రెండే ఉన్నాయి, ఎరుపు లేదు.

తణుకు టెక్నీషియన్:
అది మోనో వీసీఆర్. ఓబీఎస్ ఆడియో ప్రాపర్టీస్‌లో మోనో గడికి టిక్కు పెట్టండి, రెండు చెవుల్లోనూ వినిపిస్తుంది.

కాకినాడ 625:
మాస్టారూ, రీలు కాదు, టేపు. సినిమా రీలును వెలుగుకు ఎదురుగా పడితే బొమ్మలు కనిపిస్తాయి. వీడియో టేపులో కంటికి కనిపించేది ఏమీ ఉండదు, అయస్కాంతపు గుర్తులు తప్ప.

పాలకొల్లు మాస్టారు:
పెళ్లి వీడియోలు తీసినవాళ్లూ, క్యాసెట్లు ఆడించే వీసీపీ అద్దెకిచ్చినవాళ్లూ మా వైపు అందరూ రీలు అనే అన్నారు. క్యాసెట్‌లో ఇరుక్కుంటే ‘రీలు నలిగింది’ అనేవారు గాని ‘టేపు నలిగింది’ అనగా నేను వినలేదు. పేరు ఏదైనా బూజు పట్టక మానదు.

రాజోలు వాసి:
ఇంకో చిక్కు వచ్చింది. మూడో క్యాసెట్ మళ్లీ నలుపు తెలుపుగా వస్తోంది. అది మా పెదనాన్నగారి అబ్బాయి అమెరికా నుంచి పంపిన బారసాల క్యాసెట్. వీసీఆర్ బావగారు కువైట్ నుంచి తెచ్చినది.

కాకినాడ 625:
మూడు క్యాసెట్లని గాని, అమెరికా అని గాని, కువైట్ అని గాని ఇంతవరకు మీరు చెప్పలేదు.

తణుకు టెక్నీషియన్:
అమెరికా క్యాసెట్ ఎన్‌టీఎస్‌సీలో ఉంటుంది. గల్ఫ్ నుంచి తెచ్చిన వీసీఆర్లు చాలావరకు రెండు పద్ధతులనూ ఆడిస్తాయి. వాటిలో కొన్ని ఎన్‌టీఎస్‌సీ క్యాసెట్‌ను 4.43 అనే రంగు పద్ధతిలో బయటికి పంపుతాయి. ఈ ఒక్క క్యాసెట్‌కు స్టాండర్డ్‌లో 433 అని ఉన్న ఎన్‌టీఎస్‌సీని ఎంచుకుని, సైజు 720 ఇంటూ 480 పెట్టి చూడండి. వీసీఆర్ మీద సిస్టమ్ మీట ఉంటే దాన్ని కూడా మార్చి చూడవలసి రావచ్చు.

రాజోలు వాసి:
సరేనండి. రెండో క్యాసెట్‌లో నాలుగైదు నిమిషాలకోసారి తెర నీలంగా అయిపోతోంది. అది 1996 నవంబరు తుపానులో బీరువా కింది అరలో తడిసింది. క్యాసెట్ మీది చిన్న కిటికీలోంచి చూస్తే చుట్ట అంచున తెల్ల మచ్చలు ఉన్నాయి. ఎండలో పెట్టమంటారా? తడిసిన ఫోన్‌ను పెట్టినట్టు బియ్యం డబ్బాలో పెట్టమని అమ్మ అంటోంది.

పాలకొల్లు మాస్టారు:
మొదటి జవాబులోనే నేను అడిగింది ఇదే. వెంటనే ఆపండి. ఎండలో పెడితే వేడికి టేపు వంగిపోతుంది, బియ్యంలో పెడితే తవుడు లోపలికి పోతుంది. సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో కొన్ని రోజులు ఉంచి, ఆరిన బూజును బయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని తుడిపించాలి. వీసీఆర్ హెడ్డు డ్రమ్మును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి తోలు ముక్కతో, దాన్ని కదపకుండా ఆనించి పట్టుకుని, డ్రమ్మునే చేత్తో నెమ్మదిగా తిప్పుతూ తుడవాలి. పైకీ కిందికీ రుద్దితే హెడ్డు విరుగుతుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్లలు పొరపాటున కూడా వాడకండి.

కాకినాడ 625:
మాస్టారు కూడా టేపు అన్నారు.

రాజోలు వాసి:
పెళ్లి క్యాసెట్ మొత్తం వచ్చేసిందండీ, గంటకు 3.6 జీబీ చొప్పున అయింది. అందరికీ ధన్యవాదాలు. ఇంటికి చుట్టాలు వచ్చారు, మిగతావి తరువాత చూస్తాను.

పాలకొల్లు మాస్టారు:
పెళ్లి క్యాసెట్ ఎక్కించింది మచ్చల క్యాసెట్‌కు ముందా, తరువాతా? హెడ్డు తుడిచారా?